పదే పదే తెగే క్లచ్ కేబుల్: 1968 బీటిల్ 1500 మీద ఒక కేస్ స్టడీ

బండి 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1500 సీసీ ఇంజన్, స్వింగ్ యాక్సిల్ (గేర్‌బాక్స్ దగ్గర కీలుతో పైకీ కిందికీ ఊగే వెనక ఇరుసు), 12 వోల్టుల కరెంటు, 200 మి.మీ. క్లచ్. ముఖ్యమైన ఫిర్యాదు: పెడల్ లాగుడును క్లచ్‌కు చేర్చే తీగ, అంటే క్లచ్ కేబుల్, నిలవడం లేదు. కొత్తది వేసిన కొన్ని వందల కిలోమీటర్లకే తెగుతోంది. పెడల్ బరువుగా ఉంది. మొదటి గేరులో కదిలేటప్పుడు బండి కాస్త అదురుతోంది కూడా. యజమాని తెగిన మూడు కేబుళ్లనూ పారేయకుండా దాచారు, దాంతో సగం పని తేలికైంది.

ఇలాంటి బండి వచ్చినప్పుడు ముందుగా వినిపించే మాట "ఇప్పటి కేబుళ్లు నాసిరకం" అని. నాసిరకం కేబుళ్లు ఉన్న మాట నిజమే. కానీ వేర్వేరు తయారీల కేబుళ్లు ఒకే బండిలో ఒకే చోట తెగుతుంటే లోపం కేబుల్లో లేదు, ఆ చోటులో ఉంది. అందుకే నాలుగో కేబుల్ కొనే ముందు చూడాల్సింది ఆ మూడింటి తెగిన చివరలను.

కేబుల్ వెళ్లే దారి

బీటిల్‌లో ఇంజన్ వెనక, పెడల్ ముందు. కేబుల్ ముందు చివర గుండ్రటి కన్ను ఉంటుంది. దాన్ని పెడల్ షాఫ్ట్ మీదున్న కొక్కేనికి తగిలిస్తారు. అక్కడి నుంచి కేబుల్ ఫ్రేమ్ మధ్యనున్న టనెల్ లోపల, వెల్డు చేసి బిగించిన సన్నటి గొట్టంలో వెనక్కి వెళ్తుంది. గేర్‌బాక్స్ దగ్గర ఎడమవైపు ఆ గొట్టం ముగుస్తుంది. దాని చివర నుంచి గేర్‌బాక్స్ మీదున్న బ్రాకెట్ దాకా కేబుల్ బౌడెన్ ట్యూబ్ అనే వంగే తొడుగులో నడిచి, బ్రాకెట్ దాటి బయటికొచ్చి, క్లచ్ లివర్ చివర వింగ్ నట్‌తో (రెక్కలున్న నట్టు) ముగుస్తుంది.

బౌడెన్ ట్యూబ్ తిన్నగా ఉండదు, ఉండకూడదు. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ రబ్బరు మౌంట్ల మీద కదులుతుంటాయి, ఫ్రేమ్ కదలదు. ఆ తేడాను మింగడానికే ట్యూబ్‌కు వంపు ఇచ్చారు. తయారీదారు కొలత 25 నుంచి 45 మి.మీ. ట్యూబ్ రెండు చివరలనూ కలుపుతూ దారం బిగించి పట్టుకుని, ట్యూబ్ అన్నిటికన్నా కిందికి దిగిన చోట దారానికీ దానికీ మధ్య దూరం కొలవాలి. వంపు తక్కువైతే క్లచ్ అదురుతుంది. ఎక్కువైతే కేబుల్ ట్యూబ్ గోడను ఒరుసుకుంటూ నడుస్తుంది, పెడల్ బరువెక్కుతుంది.

తెగిన చివరలు చెప్పినవి

భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చాలు. చివరను కిరోసిన్‌లో కడిగి పోగులను విడదీసి ఒక్కొక్కటిగా చూడాలి. పోగు కొస సన్నబడి మొనదేలి ఉంటే అది ఒక్కసారిగా పడిన బరువుకు సాగి తెగింది. కొస అడ్డంగా, చదునుగా, సన్నబడకుండా ఉంటే వంగి వంగి అలసి తెగింది. పక్కన ఒకవైపే మెరుస్తూ అరిగి, అర్ధచంద్రంలా మిగిలితే ఒరిపిడి. నీలం లేదా నల్లటి రంగు తిరిగి, గ్రీజు మాడి, కొసన చిన్న గుండు కట్టి ఉంటే దాని గుండా కరెంటు పోయింది.

ఈ బండి కేబుళ్లలో రెండు కంటికి సరిగ్గా వెనక, పోగులు కంటి పట్టీలోకి (కంటిని కేబుల్‌కు బిగించే పట్టీ) దూరే చోట తెగాయి. దాదాపు అన్ని పోగులూ చదునుగా ఉన్నాయి. నాలుగైదు మాత్రమే మొనదేలాయి. అంటే ఎక్కువ పోగులు రోజుల తరబడి ఒక్కొక్కటిగా తెగుతూ వచ్చాయి, మిగిలిన కొద్ది పోగులు చివరి తొక్కుడుకు చేతులెత్తేశాయి. మూడోది బౌడెన్ ట్యూబ్ వెనక నోటి దగ్గర తెగింది. దాని పోగులు ఒకవైపు అరిగి ఉన్నాయి. మొదటి రెండింటినీ పూర్తిగా లాగి చూస్తే, వాటిలో కూడా బౌడెన్ ట్యూబ్‌లో నడిచే భాగం ఒకవైపు మెరుస్తోంది. కంటి దగ్గర ముందు తెగింది కాబట్టి అక్కడ తెగలేదు, అంతే.

కాబట్టి కారణాలు కనీసం రెండు: ముందర వంగడం, వెనక ఒరుసుకోవడం. ఒక్కదాన్ని సరిచేసి కేబుల్ వేస్తే రెండోది దాన్ని తెంపుతుంది. ఈ తరహా బండ్లు తిరిగి తిరిగి రావడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ముందు చివర: కొక్కెం

పెడల్ సెట్టు విప్పాలంటే బ్రేక్ మాస్టర్ సిలిండర్ పుష్ రాడ్ పిన్ను క్లిప్పు తీసి విడదీయాలి, యాక్సిలరేటర్ పెడల్ లింకు విప్పాలి, తర్వాత టనెల్ పక్కన సెట్టును పట్టి ఉంచే రెండు బోల్టులు. ఆ బోల్టుల కింద పెడల్ స్టాప్ పట్టీ ఉంటుంది. విప్పే ముందు అది ఉన్న చోట గీత గీసుకోవాలి.

ఇక్కడ కొక్కెం లోపలి వంపులో దాదాపు 2 మి.మీ. లోతున గాడి పడింది. గాడి అంచులు కత్తిలా ఉన్నాయి. ఆ గాడి వల్ల రెండు నష్టాలు. పెడల్ తొక్కినప్పుడు కొక్కెం కోణం మారుతుంది, కన్ను దానితో పాటు స్వేచ్ఛగా తిరగాలి. గాడిలో ఇరుక్కుంటే తిరగదు. తిరగని కంటికి బదులు దాని వెనకున్న పోగులు ప్రతి తొక్కుడుకూ వంగుతాయి. నగరం ట్రాఫిక్‌లో క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతామో ఆలోచిస్తే అలసట ఎంత త్వరగా వస్తుందో అర్థమవుతుంది. రెండోది, పదునైన అంచు కంటిని పక్కనుంచి కొరుకుతుంది.

షాఫ్ట్ బుష్ (షాఫ్ట్ తిరిగే తొడుగు) కూడా అరిగి, పెడల్ పక్కకు ఊగుతోంది. దాంతో కొక్కెం వాలి, కన్ను ఒక అంచు మీదే ఆనుకుంటోంది. కొక్కెం బాగుచేసి బుష్ వదిలేస్తే కొత్త గాడి వాలుగా పడుతుంది.

షాఫ్ట్ మిగతా భాగం బాగుంది కాబట్టి కొక్కేన్నే సరిచేయడం జరిగింది. క్లచ్ పెడల్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే పిన్ను కొట్టి తీసి, షాఫ్ట్‌ను బయటికి లాగి, గాడిని వెల్డుతో నింపి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా చేయాలి. వెల్డు చేసేటప్పుడు బుష్ పక్కన ఉండకూడదు. అరగదీయడంలో తొందర పనికిరాదు. కొక్కెం అడ్డుకోత గుండ్రంగా రావాలి. మూలలు మిగిలితే మళ్లీ అదే కథ. పని అయ్యాక కొత్త కేబుల్ కంటిని చేత్తో కొక్కేనికి తగిలించి, పెడల్ పూర్తి ప్రయాణమంతా తిప్పి చూడాలి. ఎక్కడా పట్టుకోకుండా, తన బరువుకే తిరుగుతూ ఉండాలి. కొక్కెం నోరు మరీ తెరుచుకుంటే కన్ను జారిపోతుంది, మరీ మూసుకుపోతే తిరగదు. వెల్డు మీద నమ్మకం లేని చోట షాఫ్ట్ మార్చేయడమే మేలు.

వెనక చివర: వంపు ఎందుకు పెరిగింది

బౌడెన్ ట్యూబ్ వంపు కొలిస్తే 60 మి.మీ. దాటింది. గేర్‌బాక్స్ బ్రాకెట్‌కూ ట్యూబ్ మెడకూ మధ్య ఐదు వాషర్లు పేర్చి ఉన్నాయి. అక్కడ వాషర్లు వేయడం తప్పు కాదు, వంపు సవరించే పద్ధతే అది. ఒక వాషర్ వేస్తే ట్యూబ్ ముందుకు జరిగి వంపు పెరుగుతుంది. కానీ ఐదు ఎందుకు వేశారన్నది అసలు ప్రశ్న.

జవాబు గేర్‌బాక్స్ ముక్కు దగ్గర ఉంది. ముందు మౌంట్ రబ్బరు ఆయిల్ తాగి ఉబ్బింది, లోహపు పలక నుంచి సగం ఊడింది. గేర్ షిఫ్ట్ రాడ్ బయటికొచ్చే చోట నుంచి కారిన గేర్ ఆయిల్ తిన్నగా ఆ రబ్బరు మీదే పడుతోంది. మౌంట్ మెత్తబడితే మొదటి గేరులో బరువు పడగానే గేర్‌బాక్స్ కదులుతుంది. దాని మీదున్న బ్రాకెట్టూ కదులుతుంది. పాదం కదలకపోయినా కేబుల్ లాగబడుతుంది, వదలబడుతుంది. క్లచ్ పట్టుకుంటూ వదులుతూ ఉండడంతో బండి అదురుతుంది.

అదురు తగ్గాలంటే వంపు పెంచాలని పుస్తకాల్లో ఉంటుంది. ఎవరో దాన్ని పట్టుకుని వాషర్లు పెంచుతూ పోయారు. అదురు కొంత తగ్గింది, ఎందుకంటే వంపు పెరిగితే ట్యూబ్‌లో రాపిడి పెరుగుతుంది, ఆ రాపిడి కదలికను అణచివేస్తుంది. కానీ అదే రాపిడి పెడల్‌ను బరువెక్కించింది, బరువెక్కిన పెడల్ కొక్కెం మీద లాగుడు పెంచింది, కొక్కెం గాడి పడింది, కేబుల్ తెగింది. గేర్ ఆయిల్ కారడంతో మొదలైన జబ్బు ఇది. కేబుల్ మీద కోపం తీర్చుకుంటే తగ్గేది కాదు.

మౌంట్ పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. బండి వెనక భాగాన్ని స్టాండుల మీద నిలిపి, గేర్‌బాక్స్ ముక్కు కింద చెక్కముక్క ఆనించి గడ్డపారతో మెల్లగా పైకి తోయాలి. రబ్బరు, పలక విడివడి సందు కనిపిస్తే మౌంట్ పోయినట్టే.

మిగతా అనుమానాలు

టనెల్ లోపలి గొట్టం వెల్డు ఊడితే కేబుల్ ఎంత మంచిదైనా నిలవదు. పెడల్ తొక్కినప్పుడు గొట్టమే వంగుతుంది, దాని అంచు కేబుల్‌ను కోస్తుంది, టనెల్‌లో టక్కుమని చప్పుడొస్తుంది. ఒకరు పెడల్ తొక్కుతుండగా ఇంకొకరు బండి కింద గొట్టం చివర వేలు పెట్టి చూడాలి, గేర్ లివర్ తీసిన కంతలోంచి టార్చి వేసి కూడా చూడాలి. గొట్టం కదలకూడదు. ఈ బండిలో కదల్లేదు. కదిలి ఉంటే టనెల్‌కు కిటికీ కోసి వెల్డు చేయాల్సి వచ్చేది. పెట్రోల్ పైపు కూడా అదే టనెల్‌లోంచి పోతుందని మర్చిపోయి నిప్పు ముట్టించకూడదు. ట్యాంకు, పైపు రెండూ ఖాళీ చేసి, పైపును బయటికి తీశాకే ఆ పని.

ఎర్త్ స్ట్రాప్ గురించి బీటిల్ వాళ్లకు తెలిసినా చూడడం మర్చిపోతారు. ఇంజన్, గేర్‌బాక్స్ రబ్బరు మీద కూర్చున్నాయి కాబట్టి స్టార్టర్ కరెంటు తిరిగి రావడానికి గేర్‌బాక్స్ ముక్కు నుంచి ఫ్రేమ్‌కు అల్లిక తీగ పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగినా, తుప్పు పట్టినా, వందకు మించిన ఆంపియర్లు దొరికిన దారిన పోతాయి. ఆ దారి క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. పరీక్ష: మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోదాన్ని గేర్‌బాక్స్ ఒంటికి ఆనించి, ఇంజన్ స్టార్ట్ కాకుండా కాయిల్ వైరు తీసి స్టార్టర్ తిప్పాలి. 0.2 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. ఇక్కడ 0.6 వచ్చింది. స్ట్రాప్ బాగుంది, కానీ బోల్టు కింద పెయింటు ఉంది. గీకి, లోహం మెరిసేలా చేసి బిగిస్తే 0.1కి దిగింది. అయితే తెగిన పోగుల్లో కాలిన ఆనవాలు లేదు కనుక కేబుల్ తెగడానికి ఇది కారణమని చెప్పలేం. సరిచేయాల్సిన లోపం, ఈ కేసులో ముద్దాయి కాదు.

వింగ్ నట్ విప్పి కేబుల్ పక్కకు పెట్టి, క్లచ్ లివర్‌ను చేత్తో కదిపితే, క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ తగిలేదాకా ఆటంకం లేకుండా కదిలి, వదలగానే స్ప్రింగ్‌కు వెనక్కి రావాలి. ఇక్కడ బద్ధకంగా వచ్చింది. మౌంట్ కోసం ఎలాగూ ఇంజన్ దింపాలి కాబట్టి లోపల చూడడం జరిగింది. క్లచ్ లివర్ తిప్పే క్రాస్ షాఫ్ట్ బుష్‌లలో గ్రీజు ఎండి గట్టిపడింది. ఎడమ బుష్ మార్చి, షాఫ్ట్ శుభ్రం చేసి, పలచగా గ్రీజు రాస్తే సరిపోయింది. ఎక్కువ రాస్తే క్లచ్ డిస్కు మీదికి చిమ్ముతుంది. ప్రెజర్ ప్లేట్ (క్లచ్ డిస్కును అదిమి పట్టే పలక), రిలీజ్ బేరింగ్ ఒకదానికొకటి సరిపోయేవేనా అన్నది ఈ దశలోనే చూసుకోవాలి: సుమారు 1970 దాకా వచ్చిన గేర్‌బాక్సుల్లో బేరింగ్‌కు గైడ్ స్లీవ్ (దాన్ని నడుమ నిలిపే గొట్టం) ఉండదు, వాటి ప్రెజర్ ప్లేట్ నడుమ రింగు ఉండాలి. తర్వాతి కాలపు రింగు లేని ప్లేటును వీటిలో వేస్తే బేరింగ్ నడుమ నిలవదు. ఈ బండిలో జత సరైనదే. పోటీల కోసం చేసిన గట్టి స్ప్రింగుల ప్లేటు వేసి ఉంటే మాత్రం కేబుల్ మీద భారం ఎప్పటికీ ఎక్కువే ఉంటుంది. మామూలు వాడకానికి అది అనవసరం.

బిగింపు

ఇంజన్ దింపాక గేర్‌బాక్స్‌ను కాస్త వెనక్కి జరిపితే ముందు మౌంట్ బయటికొస్తుంది. కొత్త మౌంట్ వేసే ముందు షిఫ్ట్ రాడ్ దగ్గర ఆయిల్ కారడాన్ని ఆపాలి, లేకుంటే కొత్త రబ్బరుకూ అదే గతి. వెనక రెండు మౌంట్లు చూసి, ఇవి గట్టిగానే ఉండడంతో వదిలేశారు. ఇంజన్ తిరిగి ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్‌కు కలిపే బోల్టులకు 30 న్యూటన్ మీటర్లు.

కొత్త కేబుల్ వేసే ముందు టనెల్ గొట్టం శుభ్రం చేయడం చాలామంది వదిలేసే పని. పాత కేబుళ్ల తెగిన పోగుల ముక్కలు అందులో మిగిలిపోతాయి, అవి కొత్తదాన్ని లోపలి నుంచి గీరుతాయి. పాత కేబుల్ ముక్క కొసను బ్రష్షులా విడదీసి, కిరోసిన్‌లో ముంచి, గొట్టంలో ఇటూ అటూ లాగి, చివర గాలి కొట్టాలి. వెనక నోటి దగ్గర తెల్ల గుడ్డ పట్టుకుంటే ఏమొచ్చిందో కనిపిస్తుంది. ఇక్కడ పోగుల ముక్కలు చాలానే వచ్చాయి.

కేబుల్ పొడవు మోడల్ సంవత్సరాన్ని బట్టి మారుతుంది. ఛాసిస్ నంబరుతో చూసి కొనాలి, పాతదాని పక్కన పెట్టి కొలవాలి. పొడవు ఎక్కువైతే వింగ్ నట్ మర అయిపోయేదాకా బిగించాల్సి వస్తుంది. కొనేటప్పుడు కంటి పట్టీ దగ్గర చూడాలి: పోగులు పట్టీలోకి తిన్నగా దూరాలి, నలిగినా, ఒక్క పోగు బయటికి పొడుచుకొచ్చినా వద్దు.

కేబుల్ మొత్తానికి లిథియం గ్రీజు రాసి, ముందు వైపు నుంచి మర ఉన్న కొసను లోపలికి పంపాలి. పెడల్ కంతలో వేలు పెట్టి గొట్టం నోరు వెతికి, కొసను అందులోకి నడిపించాలి. వెనక కేబుల్ బయటికి రాగానే కొత్త బౌడెన్ ట్యూబ్‌ను గ్రీజు నింపి ఎక్కించి, ముందు చివర రబ్బరు బూటు తొడగాలి. ఈ బండిలో ఆ బూటు అసలు లేదు. బూటు లేకపోతే చక్రం చిమ్మే నీళ్లు, ఇసుక తిన్నగా ట్యూబ్‌లోకి వెళ్తాయి, గ్రీజు కాస్తా సాన పెట్టే ముద్దవుతుంది. ఒరిపిడిలో దాని వాటా చిన్నదేం కాదు.

కంటిని కొక్కేనికి తగిలించడం ఇద్దరి పని. వెనక ఒకరు కేబుల్ లాగి పట్టుకోవాలి. ముందున్న వ్యక్తి క్లచ్ పెడల్‌ను నిలువుగా పట్టుకునే సెట్టును టనెల్‌లోకి జరపాలి. పెడల్ నేలకు వాలితే కన్ను జారి టనెల్‌లో పడుతుంది, మళ్లీ మొదటికి. సెట్టు బిగించేటప్పుడు పెడల్ స్టాప్‌ను గీత దగ్గర పెట్టి, బ్రేక్ పుష్ రాడ్‌కూ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య 1 మి.మీ. సందు ఉండేలా చూడాలి. క్లచ్ పని చేస్తూ బ్రేకు పాడుచేసుకోవడం ఇక్కడే జరుగుతుంది.

వంపు కొలిస్తే ఒక వాషర్‌తో 35 మి.మీ. దగ్గర నిలిచింది. మౌంట్ గట్టిది కాబట్టి అంతకు మించి అవసరం పడలేదు. తర్వాత వింగ్ నట్. కేబుల్ తిరగకుండా మర వెనక భాగాన్ని ప్లయర్‌తో పట్టుకుని నట్టు తిప్పాలి, మర మీద ప్లయర్ పడకూడదు. పెడల్ దగ్గర ఫ్రీ ప్లే (క్లచ్ మీద ఒత్తిడి మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. నట్టు రెక్కల ఉబ్బులు లివర్ గాడిలో కూర్చునేలా ఆపాలి, లేకపోతే నడుస్తుంటే అదే తిరిగిపోతుంది. ఇంజన్ ఆపి పెడల్‌ను గట్టిగా కొన్ని డజన్ల సార్లు తొక్కితే ట్యూబ్, కన్ను, పోగులు తమ చోట కుదురుకుంటాయి. ఫ్రీ ప్లే మళ్లీ కొలవాలి, తప్పకుండా పెరిగి ఉంటుంది.

పని తర్వాత పెడల్ తేలికైంది, అదురు పోయింది. వాషర్లు పెంచి అణచిన అదురు, వాషర్లు తగ్గించినా తిరిగి రాలేదంటే మౌంట్ గురించి వేసిన అంచనా నిజమైనట్టే.

వాడకంలో చూడాల్సినవి

మొదటి 500 కిలోమీటర్లకు ఫ్రీ ప్లే ఒకసారి సరిచేయాలి. ఆ తర్వాత క్లచ్ డిస్కు అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతూ పోవాలి, పెరగకూడదు. కుదురుకున్న కేబుల్‌లో ఫ్రీ ప్లే పెరుగుతోందంటే పోగులు తెగడం మొదలైంది, లేదా గొట్టం వెల్డు వదులైంది. నట్టు బిగించి ఊరుకోకూడదు, ఆ రోజే వెనక కొసనూ కొక్కేన్నీ చూడాలి. పెడల్‌లో గరగరమనే స్పర్శ తగిలినా అంతే.

బండిలో ఒక అదనపు కేబుల్ ఉంచుకునేవాళ్లు దాన్ని ఇరుకుగా చుట్టి మూలన కుక్కుతారు. చుట్ట వ్యాసం కనీసం 30 సెం.మీ. ఉండాలి, లేకుంటే వేయకముందే మడత పడుతుంది. దారిలో తెగితే ఇంజన్ ఆపి, మొదటి గేరు వేసి, ఆ గేరులోనే స్టార్టర్ తిప్పితే బండి కదిలి ఇంజన్ అందుకుంటుంది. ముందు ఎవరూ లేకుండా చూసుకోవాలి. పై గేరు కోసం యాక్సిలరేటర్ వదిలి, ఇంజన్ వేగం పడిపోతుండగా లివర్‌ను బలవంతం లేకుండా తోస్తే పడుతుంది. ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపేయడమే. స్టార్టర్‌కు ఇది పెద్ద శ్రమ కాబట్టి సిగ్నళ్లు తక్కువున్న దారి పట్టాలి.